లారీకీ ఓ చోటు కావాలి

హైదరాబాద్-విజయవాడ రహదారిని ఆనుకుని ఉన్న ఊళ్లకు లారీ కొత్త చుట్టమేమీ కాదు. నల్లగొండ జిల్లా కేతేపల్లినే తీసుకోండి. మూసీ ప్రాజెక్టు, కొర్లపహాడ్ టోల్‌ప్లాజా రెండూ ఈ మండలంలోనే ఉన్నాయి. ఇలాంటి చోట్ల వడ్లు కాంటా అయ్యాక లారీ ఎప్పుడొస్తుందా అని రైతు ఎదురుచూస్తాడు. అదే లారీ రాత్రి ఇంటి ముందు ఆగితే ఊరంతా తిట్టుకుంటుంది.

తిట్టుకోవడంలో తప్పు లేదు. బస్టాపులో లారీ నిలబడితే బస్సు నడిరోడ్డు మీద ఆగుతుంది. బడి మలుపులో నిలబడితే రోడ్డు దాటే పిల్లలకు వచ్చే బండి కనిపించదు, బండి నడిపేవాళ్లకు పిల్లలు కనిపించరు.

రాత్రయితే ముప్పు ఇంకా ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. ముందున్న లారీ కదలడం లేదని గ్రహించి బ్రేకు మీద కాలు వేసేసరికే 30, 40 మీటర్లు అయిపోతాయి. వెనక లైట్లు వెలగక, రేడియం స్టిక్కర్లు దుమ్ము కొట్టుకుపోయిన లారీ కంటపడేసరికి బ్రేకు వేసినా లాభం ఉండదు. 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఇదే రహదారి మీద, కోదాడ దగ్గర దుర్గాపురంలో, చెడిపోయి ఆగివున్న లారీని కారు ఢీకొని ఆరుగురు చనిపోయారు.

మరి చట్టం లేదా అంటే, ఉంది. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని వదిలి వెళ్లకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని పోలీసులు లాగించేయవచ్చని 127వ సెక్షన్ అంటోంది. ప్రమాదకరంగా ఉంటే ఆ పది గంటలూ ఆగక్కర్లేదు. దారికి అడ్డం పెట్టినవారికి 5,000 రూపాయల వరకు జరిమానా వేసే వీలు 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉంది.

అయితే ఒక్క చలానాతో కథ ముగియదు. ఇక్కడ తరిమితే లారీ పక్క ఊళ్లో ఆగుతుంది. రాత్రంతా స్టీరింగు పట్టుకున్న డ్రైవరుకు కునుకు కావాలి, నీళ్లు కావాలి, మరుగుదొడ్డి కావాలి. నిద్ర ఆపుకుని నడిపితే అది ఆగిన లారీ కంటే పెద్ద ప్రమాదం. ఇది మన పెద్దలకు తెలియని సంగతేం కాదు. మెకానిక్ షెడ్లనూ లారీలనూ వీధుల్లోంచి తీసి ఒకచోట చేర్చే ఆటోనగర్లు ఈ రహదారి రెండు కొసల్లోనూ, అటు విజయవాడలో, ఇటు హైదరాబాద్‌లో ఉన్నాయి. నడుమ ఉన్న ఊళ్లకే ఆ వసతి చాలదు.

కాబట్టి గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ఊరికి కాస్త దూరంగా, దీపం, కుళాయి, మరుగుదొడ్డి ఉండే స్థలం ఏదైనా ఉందా చూడండి. బస్టాపు, బడి, ఆసుపత్రి దగ్గర ఆపరాదన్న బోర్డులు పెట్టించండి. స్థలం చూపించాక కూడా వినకపోతే బండి నంబరు, సమయం తెలిసేలా ఫొటో తీసి పోలీసులకు ఇవ్వండి. జాతీయ రహదారి మీద లారీ చెడిపోయి కనిపిస్తే 1033కి ఫోన్ చేయండి. దారి మూసుకుపోయే ఇబ్బంది పదేపదే వస్తుంటే ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవచ్చు. అడ్డంకి తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది.

ఊళ్లోనే లారీలున్న ఇళ్లవాళ్లకూ ఓ మాట. మన బండే కదా, మన గుమ్మమే కదా అనుకోకండి. రోడ్డు మీద వడ్లు ఆరబోసేటప్పుడూ మనం అనుకునేది అదే. చీకట్లో వచ్చేవాడికి అది ఎవరి గుమ్మమో తెలియదు.