గర్భిణి మనోవ్యాకులత

కడుపు పండిన యింట సంతోషమే గాని విచార మెక్కడిదని పెద్దలందురు. సీమంతపు పేరంటమున చేతుల నిండుగ గాజులు తొడిగించుకొని నవ్వుచు గూర్చున్న చూలాలు, ఆ రాత్రియే గోడవైపు తిరిగి కన్నీరు విడుచుచున్నదని యెవరికి దెలియును? సోదరీమణులారా! ఈ మాసము మేము ఆ కన్నీటిని గూర్చియే మీతో ముచ్చటింప దలచితిమి.

ఇది గారాబము గాదు, దృష్టిదోషమును గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్క ననుసరించి గర్భవతులలో నూటికి సుమారు 10 మంది మనోవ్యాధిచేత, ముఖ్యముగా కుంగుబాటుచేత, బాధపడుచున్నారు. వర్ధమాన దేశములలో నీ సంఖ్య 15కు పైబడినది. ఫ్రాన్సు దేశపు వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల యొక్కయు బాలెంతల యొక్కయు మనోవ్యాధులను గూర్చి 1858లోనే గ్రంథము రచించెను.

దీనికి శరీరమునందలి మార్పులు కొంతవరకు కారణములు. మనస్సునకు సంబంధించినవి పెక్కులు. ఒకమారు గర్భము పోయిన స్త్రీ ప్రతి చిన్న నొప్పికిని గుండె చిక్కబట్టుకొనును. తొలిచూలు స్త్రీని ప్రసవభయము వేధించును. కోరని గర్భము, భర్త కోపతాపములు, పూర్వ మెన్నడైన గలిగిన కుంగుబాటు, ఇవియు హేతువులే. ఆడుబిడ్డను గన్న కోడలి యెదుట అత్తగారు “ఈ మారైనను మగనలుసు గలుగవలెను” అని దినదినము మ్రొక్కుచుండిన, ఆ కోడలు తన్ను దానే దోషిగా నెంచుకొనును. బిడ్డ ఆడుదో మగవాడో నిర్ణయించునది తండ్రి బీజమేయని యెరిగిన యిండ్లలో సైతము నింద తల్లికే దక్కుచున్నది!

అన్నిటికంటె బరువైనది సిగ్గు. “అందరును సంతోషించుచుండగా నాకేల సంతోషము లేదు? నేను తల్లి నగుటకు తగనేమో” యని తలచి, యామె నవ్వు పులుముకొని దుఃఖమును దాచును. దాచిన కొలది నది పెరుగును.

అలసట, నిద్రలేమి, అన్నము సహింపకుండుట గర్భమునకు సహజములే గావున వ్యాధి వానిచాటున దాగియుండును. అయినను రెండు వారములు విడువని దిగులు, ప్రియమైన పనులయందు సైతము విరక్తి, ఆత్మనింద కనిపించినచో వైద్యులకు జెప్పవలెను. చావు తలపు గలిగెనేని ఒక్క దినమైన నాగరాదు. ఆమెను ఒంటరిగా విడువరాదు. 1987లో వెలువడిన ఎడిన్‌బరో పట్టికలోని 10 ప్రశ్నలు వైద్యులకు వ్యాధిని గుర్తించుటలో తోడ్పడును. తగిన వారితో మనసు విప్పి మాటలాడుటయే యనేకులకు చికిత్స. మందులు వలసినచో వైద్యులే గర్భమునకు దగినవానిని నిర్ణయింతురు. ఇదివరకే మందులు వాడుచున్నవారు తమంతట తాము మానరాదు. 2022లో మన ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

ఇంటి పెద్దలకు మా విన్నపము: “ఏడ్చిన బిడ్డకు కీడు” అని బెదిరింపకుడు, ఆ మాట దిగులుకు భయమును జోడించును. సుశ్రుతుడు గర్భిణిని “దౌహృదిని” యనెను; రెండు హృదయములు గలదని యర్థము. మామిడికాయ కోరిన తెచ్చి యిత్తుము గదా! రెండు హృదయముల బరువు మోయు నామెను “అమ్మాయీ, నీ మనసెట్లున్నది?” అని యడిగి, ఆమె చెప్పునది తుదివరకు వినుడు.