కట్టించినోళ్లు కాదురా.. కట్టినోళ్లు?

వర్జీనియాలో ఉండే మా పెదనాయన కొడుకు పోయిన వారం వాట్సాప్‌లో ఓ ఫొటో పెట్టాడు. ఒట్టి ఇటుక. దాని మీద వేళ్ల గుర్తులు! అమెరికా నాలుగో అధ్యక్షుడు, వాళ్ల రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన జేమ్స్ మాడిసన్ ఎస్టేట్ ‘మాంట్‌పీలియర్’ చూడ్డానికి వెళ్లాడట. ఆ ఇటుకలు చేసింది అక్కడి బానిసలు. పచ్చి మట్టి మీద పడిన వేళ్లు బట్టీలో కాలి అలాగే ఉండిపోయాయి. ఆ ఇంటి నేలమాళిగలో 2017 నుంచి వాళ్ల కథలే ప్రదర్శనగా పెట్టారు. “పౌరహక్కుల గురించి రాసినాయన ఇంట్లోనే ఇదంతా..” అని వాయిస్ మెసేజ్.

మనకూ ఉంది కదా ఓ మేడ, తిరుపతి నుంచి బండి మీద అరగంట! ఆదివారం నాయనను ఎక్కించుకుని చంద్రగిరి కోటకు పోయాను. నాయన తాపీ మేస్త్రి. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఎన్నో ఇళ్లు కట్టాడు. కోట లోపలికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

నేను గైడ్‌లా మొదలుపెట్టాను. 1565లో తళ్లికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు ముందు పెనుకొండకు, తర్వాత ఇక్కడికి రాజధాని మార్చారు. మూడంతస్తుల రాజమహల్లో ఇప్పుడు పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. కట్టడానికి కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం అంతే..

నాయన వింటే కదా! గోడ దగ్గరే నిలబడిపోయాడు.

“గానుగ సున్నంరా ఇది. ఎద్దుల్ని తిప్పి తిప్పి నూరాల. ఎంతమంది చేతులు పొక్కినాయో! ఎవుర్రా కట్టింది?”

రాజుల పేర్లు గడగడా చెప్పేశాను.

“కట్టించినోళ్లు కాదురా.. కట్టినోళ్లు?”

ఫోన్ తీసి వెతికాను. ఒక్క పేరూ దొరకలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే గోడ మీద గీతలు. ఓ హార్ట్, మధ్యలో బాణం, అటూ ఇటూ రెండు పేర్లు. నాయన కళ్లు చికిలించి చదివాడు. “వీళ్లేనా కట్టింది?”

పక్కనున్నోళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంటర్ చదివేటప్పుడు బండి తాళంతో నేనూ ఇక్కడ రెండక్షరాలు గీశాను. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని అప్పుడు తెలీదు. తెలిసినా ఆగేవాణ్నో లేదో.

నాయనను ఆ మూలకు మాత్రం తీసుకుపోలేదు.

మీరు వెళ్తే సెల్ఫీలు ఎన్నైనా తీసుకోండి. తాళం మాత్రం జేబులోనే ఉంచండి బాస్. ఆ గోడ కట్టినోళ్లే తమ పేరు రాసుకోలేదు.