అటక మీది హీరోగారు

హాబీ అనగానే మీకేం గుర్తొస్తుంది? స్టాంపులు, నాణేలు, అభిమాన తారల ఫోటోలు... మహా అయితే పాత గ్రామఫోను రికార్డులు. అంతేగా? అయితే నా హాబీ చెబుతాను, నవ్వకూడదు సుమా! నేను పోగుచేసేది పాత వాక్యూం క్లీనర్లు. వెతికి కొనడం, విప్పడం, తుడవడం, మళ్ళీ బుర్రుమనిపించడం. గుంటూరులో మా ఇంటి వరండాలో ప్రస్తుతం 10 ఉన్నాయి. నిజానికి 11 ఉండాలి. ఆ పదకొండోది ఏమైందో క్లైమాక్సులో చెబుతాను. అందాకా సీట్లోంచి లేవకండి.

ఈ యంత్రం చేసే పని మీరు తెర మీద చూసిందే. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావుగారు నోరు తెరిస్తే లడ్డూలు వాటంతటవే ఎగిరొచ్చి నోట్లో పడతాయి చూశారూ, అచ్చం అదే! అక్కడ మాయ, ఇక్కడ మోటారు. లోపలి ఫ్యాను నిమిషానికి ఇంచుమించు 20,000 చుట్లు తిరుగుతూ గాలిని వెనక్కి నెట్టేస్తుంది. లోపల గాలి పలచబడేసరికి బయటి గాలి దుమ్మునీ ధూళినీ వెంటబెట్టుకుని గొట్టంలోకి పరుగెత్తుకొస్తుంది. సంచి దుమ్మును పట్టుకుని గాలిని వదిలేస్తుంది. మన వైపు జిన్నింగు మిల్లుల్లో పత్తి పోగులోకి పెద్ద గొట్టం దింపి లాగేస్తారే, దానికి ఇది చిట్టి తమ్ముడన్నమాట.

ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు చేసిన యంత్రం గుర్రబ్బండి మీద వచ్చేది. బండి వీధిలో, గొట్టాలు కిటికీలోంచి ఇంట్లోకి! తరవాత అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒకాయన. పెద్ద దుకాణం ఊడ్చే ఉద్యోగం. ఒంట్లో ఉబ్బసం. చీపురు పడితే దుమ్ము, దుమ్ము లేస్తే ఆయాసం. పాపం ఏం చేస్తాడు? ఓ ఫ్యాను మోటారు, సబ్బు పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఓ యంత్రం కట్టాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ అనే వ్యాపారి కొన్నాడు. ఇంగ్లండులో ఇవాళ్టికీ ఇల్లు తుడవడాన్ని ‘హూవరింగ్’ అంటారు గానీ స్పాంగ్లర్ ఎవరో ఎందరికి తెలుసు? టైటిల్సులో పేరు పడని కథారచయిత గతే!

మన దేశంలో 1982లో యురేకా ఫోర్బ్స్ కంపెనీ మొదలైంది. టై కట్టుకున్న కుర్రాళ్ళు ఇంటింటికీ వచ్చి, మన పరుపు మీది దుమ్మే పీల్చి మనకే చూపించేవారు. ఇల్లాలికి తల కొట్టేసినంత పనయ్యేది. పత్తి డబ్బో, మిర్చి డబ్బో చేతిలో ఉన్న ఇళ్ళలో కొనేసేవారు. కొని ఏం చేశారు? మాచర్ల నాపరాళ్ళు పరిచిన ఇంట్లో తివాచీ ఏదీ? చీపురు ఉండనే ఉందాయె! నాలుగు రోజులు చుట్టాలకు చూపించి, పాత దుప్పటి చుట్టి అటకెక్కించారు.

నా పంట అక్కడే పండింది. నాకు దొరికేవి చాలా వరకు అరిగినవి కావు, పడుకుని పడుకుని చెడినవి. బేరింగులో గ్రీజు గట్టిపడి ఉంటుంది. రబ్బరు వాషర్లు పెళుసెక్కి ఉంటాయి. వైరు ఎలుకలకు పలహారం అయి ఉంటుంది. మోటారుకి కరెంటు అందించే రెండు కార్బన్లు బూజు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ముందు ప్లగ్గు పీకి, టెస్టు బల్బుతో కరెంటు ఒంటికి వస్తోందేమో చూడాలి. బల్బు వెలిగిందా, ఆ యంత్రంతో చెలగాటం వద్దు, మెకానిక్కు దగ్గరికి పంపండి. వెలక్కపోతే శుభ్రం చేయడం, కార్బన్లు మార్చడం, కొత్త వాషర్లు వేయడం. ఓపికే పెట్టుబడి.

నా మొదటి ప్రయోగం మాత్రం అట్టర్ ఫ్లాపు! వంటింట్లో కారం డబ్బా ఒలికింది. హీరోలా మిషను పట్టుకుని వెళ్ళాను. గుడ్డసంచి పాతది కదా, ముందు నుంచి పీల్చిన కారం వెనక నుంచి పొగలా బయటికొచ్చింది. మా ఇల్లే కాదు, పక్కిల్లు కూడా తుమ్మింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో పుట్టి ఆ మాత్రం తెలియదా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. మెత్తటి ధూళిని పట్టాలంటే మంచి ఫిల్టరు కావాలని ఆ రోజు కళ్ళ నీళ్ళతో నేర్చుకున్నాను.

ఇక క్లైమాక్సు. చిలకలూరిపేటలో ఒకళ్ళింట్లో మంచి పీసు దొరికింది. గీత లేదు, మచ్చ లేదు. కొడుకు తూకం లెక్కన ఇచ్చేశాడు. రెండు వారాల్లో కొత్త పెళ్ళికొడుకులా తయారుచేశాను. ఒక్క మూతి తక్కువైంది. దానికోసం మళ్ళీ వెళ్తే ఆ ఇంటి మామ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు.

“ఇంతకీ అది పలికిందా నాయనా?” అన్నారు.

“భేషుగ్గా పలికిందండీ మామ్మగారూ.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోవడానికి ఆయాసం కూడా కారణమే. “నా ఎగశ్వాస చూడలేక ఆయన వాయిదాల మీద కొన్నారు. కరెంటు కాలుతుందని నేనే ముట్టుకోనివ్వలా. ఆయన పోయాక దాని మోత ఒక్కసారన్నా వినాలనిపించేది” అన్నారు.

నా మనసులో ఏం జరిగిందో దాచను. ‘ఇలాంటి పీసు మళ్ళీ దొరకదురా’ అని ఒకటి, ‘స్పాంగ్లర్ దీన్ని కట్టింది నీ వరండాలో పెట్టుకోడానికేనా’ అని ఇంకొకటి. బస్సులో గుంటూరు వచ్చేదాకా రెండూ కొట్టుకుంటూనే ఉన్నాయి.

ఆదివారం మిషను తీసుకుని వెళ్ళాను. కొత్త సంచి, ఫిల్టరు వేశాను. మామ్మగారిని వీధరుగు మీదే కూర్చోబెట్టి, లోపల కోడలు చేత పరుపులు తుడిపించాను. గదిలో మోత మొదలవగానే ఆవిడ కళ్ళు మూసుకున్నారు. డబ్బులివ్వబోతే, “నేను కొన్న ధరే ఇవ్వండి” అన్నాను. సంచి దులపడం మాత్రం ఆవిడ ముందు చేయొద్దని కోడలికి గట్టిగా చెప్పి వచ్చాను.

అదండీ, వరండాలో 10 మిగిలిన కథ. మీ ఇంటి అటక మీద ఏముందో ఓసారి ఎక్కి చూడండి. నాకు అమ్మడానికి కాదు సుమా! అది ఎవరు, ఎవరి కోసం కొన్నారో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. ఆ తరవాత ప్లగ్గు సంగతి చూద్దాం.