నష్టంలో పాలుపంచుకునేదెవరు?

అనకాపల్లి పేరు వినగానే తెలుగువారికి బెల్లం స్ఫురిస్తుంది. అక్కడి చెరకు పరిశోధనా కేంద్రం 1913లోనే వెలసిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నేడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ పరిశోధనా స్థానం. విశ్వామిత్ర వంటి చెరకు వంగడాలు అక్కడ రూపొందినవే.

కొత్త వంగడం ఊళ్లోకి రావడానికి కంపెనీ అక్కర్లేదు. ఒక రైతు నాటితే, పక్క రైతు ముచ్చెలు అడిగి పట్టుకుపోతాడు. బెల్లం సంగతి వేరు. దిమ్మ వానాకాలంలో చెమ్మ పీల్చి నల్లబడుతుంది. పసిడి రంగుకే ధర పలుకుతుంది గనుక వండేవారు హైడ్రోస్ కలుపుతారు. (రంగు చూసి బేరమాడే మనకూ అందులో వాటా ఉంది.) రసాయనం లేని బెల్లాన్ని పొడిగా ఆరబెట్టి నిలవ ఉంచే పద్ధతులపై శాస్త్రజ్ఞులు కృషి చేశారు. అయితే ఆ పొడి మన వంటింటికి చేరాలంటే యంత్రం, ప్యాకింగు, ఆహార భద్రతా లైసెన్సు, అమ్మిపెట్టే దుకాణం కావాలి. అంటే ఎవరో ఒకరు సంస్థ స్థాపించాలి.

పద్ధతిని వాడుకునే హక్కును విశ్వవిద్యాలయం రుసుముపై ఇవ్వగలదు. తొలి సంవత్సరాల నష్టాన్ని అది భరించదు. చదువు ముగించిన యువకుడు అప్పు తెస్తే, పొడి ఆరినా గడ్డకట్టినా వడ్డీ మొదటి నెల నుంచే నడుస్తుంది. చివరికి తల్లి నగలు తాకట్టుకు వెళతాయి. పరిశోధన ఆగిపోయేది ప్రయోగశాలలో కాదు, ఈ మలుపులోనేనని మా అభిప్రాయం.

హైదరాబాదులో ఒకరు ఈ మలుపు దాటారు. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత సి.సి.ఎం.బి.లోనూ పరిశోధన సాగింది. ఫలితం చేతికి రాకముందే ఒమాన్ విదేశాంగ వ్యవహారాల మంత్రి యూసుఫ్ బిన్ అలవీ గారు వాటాదారుగా చేరారు. 1997లో హెపటైటిస్-బి టీకా విడుదలైంది. సామాన్యునికి అందని ఆ టీకా ధర దిగివచ్చింది.

ఇటువంటి భాగస్వామ్యానికి ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ముదారబా అనే రూపం ఉంది. ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. లాభాన్ని ముందే ఒప్పుకున్న పాళ్లలో పంచుకుంటారు; ఇంత మొత్తం ఇచ్చితీరాలన్న షరతు చెల్లదు. నష్టం వస్తే సొమ్ము పోయేది పెట్టుబడిదారుకు, వృథా అయ్యేది రెండవవారి శ్రమ. నిర్లక్ష్యం రుజువైతే మాత్రం అతడే బాధ్యుడు. హజ్రత్ ఖదీజా (రజి) గారి సరుకుతో దైవప్రవక్త (స) సిరియాకు వర్తకానికి వెళ్లిన ఉదంతం పాఠకులకు తెలిసిందే.

మన ఇళ్లలో పేచీ మరోచోట ఉంది. మామయ్య రెండు లక్షలు ఇస్తారు. అది అప్పా, వాటానా, కానుకా అన్నది ఎవరూ అడగరు. అడిగితే మర్యాద కాదనుకుంటారు. వ్యాపారం కుంటుపడితే అప్పు అంటారు, లాభిస్తే వాటా అంటారు. పెళ్లిళ్లలో పలకరింపులు మానుకున్న కుటుంబాలను మేము చూశాము. అప్పు లావాదేవీని సాక్షుల ఎదుట వ్రాసుకోవాలని బఖరా సూరా ఆదేశిస్తున్నది. అయినవారి మధ్య అక్కర్లేదన్న మినహాయింపు అందులో లేదు. వాటా ఒప్పందంలో ఏయే అంశాలు వ్రాసుకోవాలో వచ్చే సంచికలో వివరిస్తాము.