తీర్మానం చాటున పట్టాదారు

కొల్లేరు సరస్సు కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును బట్టి గీసిన హద్దు) కుదింపు మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా లంక గ్రామాల్లో మార్మోగుతుంది. ఏ పార్టీ కాదనదు. అభయారణ్యం హద్దును 5వ కాంటూరు నుంచి 3వ కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఒక్క గొంతూ అడ్డు రాకపోవడాన్ని ఘనతగా చెప్పుకొన్నారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు లేనిదే అభయారణ్యం హద్దు కదలదు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా కుదింపునకు ఒప్పుకోలేదు. అయినా తీర్మానం పేరు చెప్పి ఇన్నేళ్లు ఆశ పెట్టారు. ఆ ఆశలో నలిగింది ఎవరు? 1999 నోటిఫికేషన్‌తో 308 చదరపు కిలోమీటర్ల అభయారణ్యంలో చిక్కుకున్న జిరాయితీ (సొంత పట్టా భూమి) రైతు. పాసుపుస్తకం బీరువాలో ఉంటుంది, పొలాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకునే వీలుండదు. ఆస్తి హక్కు 1978 నాటి రాజ్యాంగ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచి తొలగినా, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని 300-ఎ అధికరణం ఇప్పటికీ చెబుతోంది. ఆ రైతుకు కావలసింది పరిహారం, చప్పట్లు కావు.

ప్రభుత్వ సంకల్పం ఎదురు తిరిగినా దెబ్బ చిన్నవాడికే. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట యంత్రాలు చేపల చెరువుల గట్లు తెగ్గొట్టాయి. చెరువుల సొసైటీలో చిన్న వాటా ఉన్నవాడు కోలుకోలేదు. పెట్టుబడి ఉన్నవాడి గట్లు మళ్లీ లేచాయి.

ఆ గట్ల వెనక ఇంకో హక్కు మునుగుతోంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకే చేరాలి, ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచాక, ఆ నీరు లంక గ్రామాలను చుట్టుముట్టింది. దారి మూసిన గట్టు ఊరందరి మాటతో వేసిందే అయినా, నీళ్లు చేరిన ఇంటివాడిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చేయాల్సింది తెలుసు. సర్వే నంబరు వారీగా ఎవరిది జిరాయితీ, ఎవరిది ప్రభుత్వం ఇచ్చిన డి-ఫారం పట్టా, ఎవరు లీజుదారు అన్నది కలెక్టరు తేల్చాలి. అర్జీ ఊరి పెద్దల ద్వారా కాక, ప్రతి ఒక్కరి నుంచీ విడిగా తీసుకోవాలి. జిరాయితీకి పరిహారం కట్టాలి, వరద దారిలోని గట్లు తీయాలి.

లేదంటే లంక రైతు ఒకటి గుర్తుంచుకోవాలి. చేతులెత్తి ఇచ్చే హక్కును చేతులెత్తి తీసుకోవడమూ తేలికే. తన భూమి మీద తన మాట చెల్లాలంటే, పక్కవాడి హక్కును కొట్టేసే తీర్మానానికి నేడు తానూ ‘కాదు’ అనగలగాలి.