గృహవినోదము: రాళ్లనెక్కు చిట్టిబండి

పిల్లల కొరకు తెచ్చిన ఆటవస్తువు వెల అంగడిలో రూపాయలు లెక్కపెట్టి యిచ్చిన నాటితో తీరిపోదు. దానిని చెడకుండ కాపాడుకొనుటకు శ్రద్ధయు, కాలమును, అప్పుడప్పుడు మరికొంత ధనమును వెచ్చింపవలసి యుండును. ఇది తెలియని యింట నెంత విలువగల వస్తువైనను మూడు మాసములలో అటక యెక్కును. ఈ మాసమున మేము వ్రాయదలచినది రేడియో తరంగములచే నడచు 'రాక్ క్రాలర్' అను చిట్టిట్రక్కును గూర్చి. దీనిని మొదట నెట్లు చేపట్టవలయునో, తరువాత నెట్లు పోషింపవలయునో తల్లులు తెలిసికొనుట యవసరము. ఏలయన, దీని ఖరీదు వేలలో నుండును. దీనిలోని బ్యాటరీ అజాగ్రత్త వలన ఇల్లు కాల్చగలదు. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడపు మావంటి వారికి ఈ రెండును చిన్న విషయములు కావు.

ఆటబండిపై పిల్లలకు గల మక్కువ క్రొత్తది కాదు. శూద్రకుని మృచ్ఛకటికమునందు చారుదత్తుని కుమారుడు రోహసేనుడు మట్టిబండి వలదు, బంగారుబండియే కావలయునని యేడ్వగా, వసంతసేన తన నగలను తీసి ఆ మట్టిబండిలో నింపినది. ఆ నాటకమునకు పేరే ఆ బండివలన వచ్చినది. నేటి పిల్లలు బంగారుబండి నడుగరు; దూరమున నిలిచి తాము చెప్పినట్లు వినుబండి నడుగుదురు. ఇట్టి విద్యకు ఆద్యుడు నికోలా టెస్లా. ఆయన 1898లో న్యూయార్కు నగరమున తీగ లేకయే ఒక చిన్న పడవను దూరమునుండి నడిపి జనులకు చూపెను. ఇప్పటి బండ్లు చాలవరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగములపై నడచుచున్నవి. నియమిత పరిమితికి లోబడిన అల్పశక్తితో ఈ తరంగములను వాడుటకు మన దేశమున ప్రత్యేకముగ లైసెన్సు అక్కరలేదు.

మా నల్లగొండ, మహబూబునగరము సీమలు ఈ బండికి పుట్టినిల్లు కాకున్నను మెట్టినిల్లనదగును. ఇచ్చటి బండరాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఎండకు, వానకు పగిలి, అంచులరిగి, గుండ్లుగుండ్లై యూరూరను పేర్చినట్లు పడియున్నది. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండలు సరే. పేరులేని గుట్టలే ఎన్నియో కలవు. ఇతర దేశములలో ఈ వినోదమునకై పెరటిలో రాళ్లు తెప్పించి పేర్చుకొనువారు గలరు. మనకు ఊరి వెలుపలికి నాలుగడుగులు వేసిన చాలును.

ఇక బండి నిర్మాణము. రయ్యిమని పరుగెత్తు ఆటకార్లు వేరు, ఇది వేరు. పరుగు దీని ధర్మము కాదు. మనిషి నడకను మించి పోవలసిన పని దీనికి లేదు. మోటారు వేగముగ తిరిగినను పళ్లచక్రముల వరుస ఆ వేగమును తగ్గించి బలమును పెంచును. ఆ బలము రెండు కడ్డీల ద్వారా ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును చేరి నాలుగు చక్రములను త్రిప్పును. రోడ్డుపై పోవు నిజమైన కారులో, మలుపునందు లోపలి చక్రము తక్కువగను వెలుపలి చక్రము ఎక్కువగను తిరుగుటకు 'డిఫరెన్షియల్' అను అమరిక యుండును. రాళ్లమీద అదియే చేటగును. ఒక చక్రము గాలిలోనికి లేచెనా, అది యూరక తిరుగుచుండగా నేలనంటిన చక్రము నిలిచిపోవును. కావున క్రాలరులో ఇరువైపుల చక్రములు ఒకే వేగముతో తిరుగునట్లు ఆ యమరికను బిగించివేయుదురు. 2017లో వచ్చిన ట్రాక్సాస్ టీఆర్ఎక్స్-4 వంటి బండ్లలో దీనిని రిమోటుతోనే బిగించుటకును విడుచుటకును వీలుగలదు. టైర్లలో గాలి యుండదు. మెత్తని రబ్బరు లోపల స్పాంజి యుండి, రాతి మిట్టపల్లములకు ఒదిగి పట్టు సంపాదించుకొనును.

కొనునపుడు పరిమాణమును చూడవలయును. 1/10 అనగా నిజమైన బండిలో పదవవంతు, ఇంచుమించు మూరెడు పొడవుండును. 1/24 బండి జానెడుండును. మూరెడు బండి గుట్టలకు తగినది. జానెడు బండి ఇంటిలోనే దిండ్లమీదను, పుస్తకముల దొంతరలమీదను ప్రాకును. వానకాలమునను ఆట మానదు. పడినను దెబ్బ తక్కువ. ఆక్సియల్ వారు 2019లో తెచ్చిన ఎస్సీఎక్స్24 ఈ జాతిలోనిది. క్రొత్తగ మొదలిడు వారికి చిన్నబండియే మేలని మా అభిప్రాయము. ఏ బండి కొన్నను, ఇరుసుకడ్డీ, పళ్లచక్రము, చక్రములను మలుపు సర్వో మోటారు విడిగా దొరకునా యని అంగడివానిని ముందుగనే అడుగవలయును. విడిభాగములు దొరకని చౌకబండి ఒక్క చిన్న ముక్క విరిగిన నాడే చెత్తయగును.

బండి యింటికి రాగానే రాళ్లమీదికి తీసికొనిపోరాదు. మొదట దానిని చక్రములు గాలిలో నుండునట్లు చిన్నపెట్టెపై నిలుపవలయును. ముందుగ రిమోటు స్విచ్చి వేసి, తరువాత బండి స్విచ్చి వేయవలయును. ఆపునపుడు ముందు బండిని, పిదప రిమోటును ఆపవలయును. ఈ క్రమము తప్పినచో ఆజ్ఞ యిచ్చువారు లేని బండి తన యిచ్చవచ్చినట్లు పోవచ్చును. పెట్టెమీదనే ముందుకు, వెనుకకు, కుడికి, ఎడమకు సరిగా తిరుగుచున్నదో లేదో చూచి, తిన్నగ పోవునట్లు సరిదిద్దుకొని, అప్పుడు వాకిట నడపవలయును. తరువాత రెండు ఇటుకలు, ఆ తరువాత నాలుగు ఇటుకలు, రాళ్లు పిదప.

రాళ్లమీద నడపుటలో ముఖ్యసూత్రమొక్కటి. ఎదుటనున్న రాతిని బండి నడిమికి రానీయక, టైరునే దానిమీది కెక్కింపవలయును. రాయి నడుమకు వచ్చినచో బండి బొజ్జ ఆనుకొని చక్రములు వ్రేలాడును. ఎక్కునపుడు వాలునకు ఎదురుగా తిన్నగ ఎక్కవలయును. అడ్డముగ పోయినచో పల్టీకొట్టును. ఎక్కలేకపోయినచో మరింత జోరుగా మీటను నొక్కుట పిల్లల స్వభావము. అది పనికిరాదు. మూరెడు వెనుకకు వచ్చి, ముందుచక్రములను కొంచెము మలచి, మరియొక దారి చూడవలయును. చక్రములు రాళ్ల సందున నిరుకుకొనినపుడు స్టీరింగును బలవంతముగ త్రిప్పి పట్టినచో సర్వో కాలిపోవును. అప్పుడు చేతితో నెత్తి తీయుటయే మార్గము. ఒక బ్యాటరీ ముగియగానే మోటారుపై వ్రేలు పెట్టి చూడవలయును. వ్రేలు నిలుపలేనంత వేడి యున్నచో అది చల్లారువరకు రెండవ బ్యాటరీ తగిలింపరాదు. మా యెండలలో ఈ నియమము మరింత యవసరము. వేసవిలో ఉదయమో సాయంకాలమో తప్ప బయట నడపరాదు.

గుట్టలకు పోవునపుడు పిల్లలవెంట పెద్దలుండవలయును. గుండ్ల సందులలో తేళ్లును పాములును ఉండును గనుక, సందున పడిన బండిని కఱ్ఱతో లాగవలెనేగాని చేయి దూర్చరాదు. కోటగోడలమీదను, శాసనములమీదను, పానగల్లు వంటి పూర్వాలయముల చెక్కడపు రాళ్లమీదను ఈ బండిని నడుపరాదు. మన పెద్దలు చెక్కిన రాయి ఆటకై యుంచినది కాదు. దేవుడిచ్చిన గుండ్లు కావలసినన్ని కలవు.

ఇక బ్యాటరీ. సోదరీమణులు ఈ భాగమును రెండుమారులు చదువవలెనని మా ప్రార్థన. లిథియం పాలిమర్ బ్యాటరీలో సెల్లొక్కంటికి నిండినపుడు 4.2 వోల్టులుండును. వాడునపుడు 3.2కు దిగకముందే ఆపుట మేలు. 3 వోల్టులకు దిగువకు పోయిన సెల్లు చెడును. చాల దినములు వాడనపుడు నిండుగను ఖాళీగను ఉంచక, సెల్లునకు 3.8 వోల్టులుండునట్లు దాచవలయును. రెండు మూడు సెల్లులున్న బ్యాటరీని సెల్లులన్నింటిని సమముగ నింపు చార్జరుతోనే నింపవలయును. 2200 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీకి 2.2 యాంపియర్లకు మించిన ధార యీయకుండుట క్షేమము. చార్జి యగుచుండగా నిద్రపోరాదు, బజారునకు పోరాదు. పరుపుమీదను, తెరల దగ్గరను, వంటయింట గ్యాసు సిలిండరు చెంతను పెట్టరాదు. మన యిండ్లలో తాండూరు బండలో షాబాదు బండలో పరచిన నేల యున్నది గదా. చుట్టును ఏమియు లేని చోట ఆ బండమీద పెట్టి, ప్రక్కన నొక బొక్కెన ఇసుక నుంచుకొనవలయును. కారము తగ్గని వేడి బ్యాటరీని చార్జి చేయరాదు; అనగా ఆడి వచ్చినదానిని చల్లారనిచ్చి పిదపనే తగిలింపవలయును. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చరాదు, నొక్కరాదు, మరల వాడరాదు. పొగ వచ్చినచో పిల్లలను ముందు బయటికి పంపి, 101కి ఫోను చేయవలయును. పనికిరాని బ్యాటరీలను ఇంటిచెత్తలో కలుపక వేరుగా అప్పగింపవలెనని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి.

మిగిలిన పోషణము మన చేతికి అలవాటైన పనియే. ఆట ముగియగానే బ్యాటరీని విప్పి తీసి, మెత్తని కుంచెతో బండి దుమ్ము దులుపవలయును. మా చల్క నేలల ఎఱ్ఱదుమ్మును, రాతి గరుసును పళ్లచక్రములలో చేరి ఆకురాయివలె అరుగదీయును. ఇంట నడపిన బండికి వేరొక వ్యాధి గలదు. తలవెండ్రుకలు, కుట్టుమిషను దారపుపోగులు, కొబ్బరిపీచు ఇరుసులకు చుట్టుకొని బేరింగులను బిగించివేయును. వారమున కొకమారు చక్రములు తీసి, చిమటాతో వానిని లాగివేయవలయును. నీట తడిసినచో పొడిగుడ్డతో తుడిచి, నీడను ఆరబెట్టి, బేరింగున కొక్కొక చుక్క మిషనునూనె వేయవలయును. కొబ్బరినూనె వేయరాదు; అది చలికి గడ్డకట్టును, దుమ్మును పట్టును. పళ్లచక్రములకు నూనె కాదు, గ్రీజు కొంచెము పూయవలయును. మరమేకులు అదురునకు వదులగును గనుక, ప్రతి ఆటకు ముందు చక్రముల నట్టులను, ఇరుసులయొద్ది మరమేకులను అలెన్ కీతో పరీక్షింపవలయును. లోహములో బిగియు మరమేకునకు నీలిరంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క చాలును. ప్లాస్టిక్కులో బిగియు దానికి అది తగదు, ఆ ప్లాస్టిక్కు పగులవచ్చును. పెద్దబండికి 1.5, 2, 2.5 మిల్లీమీటర్ల అలెన్ కీలును, 7 మిల్లీమీటర్ల నట్టుకీయును ఉన్నచో చాలవరకు పని జరుగును. విప్పిన మరమేకులను వరుసగా నొక పళ్లెమున నుంచినచో తిరిగి బిగించునపుడు తడబాటుండదు.

చివరగ నొక్కమాట. చాల యిండ్లలో రిమోటు కొడుకు చేతికిని, దుమ్ముగుడ్డ కూతురు చేతికిని పోవుట మేము చూచుచున్నాము. నడపుట యొకరిది, తుడుచుట మరియొకరిది యైన యింట బండి నిలువదు. తుడుచువారికి దాని లోపము కనబడినను చెప్పు నధికార ముండదు, నడపువానికి అధికారమున్నను లోపము కనబడదు. మరమేకు విప్పి చూచినవారికే మరునాడు నడపు వంతు అను నియమము పెట్టవలయును. ఆడపిల్లకు రాయి, యంత్రము తగవని యనువారు భువనగిరి వైపు చూడవలయును. 2014 మే 25న పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కుట యభ్యసించినది ఆ యేకశిలమీదనే. నాడు భువనగిరి మా నల్లగొండ జిల్లాలోనిదే; 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది.

పిల్లలందరు కలిసి యాడుటకు సులభమైన పందెమొకటి కలదు. గుండ్లమధ్య జతజతలుగా పుల్లలు నిలిపి వాకిళ్లు చేసి, బండిని వానిగుండ పోనిండు. వెనుకకు వచ్చిన ప్రతిసారి యొక దోషము, పుల్ల తాకినచో పది దోషములు. దోషములు తక్కువగల వారిదే గెలుపు. ఈ పందెమున తొందరపడు పిల్లవాడు ఓడును. ఆలోచించి దారి వెదకు పిల్ల గెలుచును. తల్లులును ఒక వంతు తీసికొనవచ్చును. మా యింట సాయంకాలము దీపము పెట్టువేళకు బండి తుడిచి, బ్యాటరీ తీసి, లెక్క సరిచూచిన మరమేకులతో పెట్టెలో చేరవలయును. అంతవరకు ఆట ముగిసినట్లు కాదు.