బొమ్మయు, ప్రశ్నయు

ఖాజాగూడ గుట్టపై నిలిచి చూచిన ఒకవైపు యుగయుగముల నాటి రాతిగుండ్లు, వేఱొకవైపు ఆకసము నంటు అద్దాల మేడలు కానవచ్చును. ఆ మేడలలో మన బిడ్డలు లోకమున కెల్ల యంత్రవిద్య నందించుచున్నారు. ఆ గుట్టకు కొలది మైళ్ల దూరముననే కంచ గచ్చిబౌలి యున్నది. 2025 మార్చి నెలాఖరున అచ్చటి 400 యెకరములలో యంత్రములు ప్రవేశించి చెట్లు కూల్చిన వృత్తాంతమును పాఠకులు మఱచియుండరు.

ఆ దినములలో విశ్వవిద్యాలయ విద్యార్థులు సెల్‌ఫోనులతో తీసిన దృశ్యములు పత్రికలకంటె ముందుగా దేశమంతట వ్యాపించెను. విలేఖరి వ్రాసి, సంపాదకుడు దిద్ది, అచ్చుయంత్రము తిరిగి, మఱునాటికి గాని చేరని వార్త నిమిషములలో చేరినది. ఇందు మేము దోష మెంచము. ఆ ఫోనులే లేకున్న ఆ చెట్లు కూలిన సంగతి ఢిల్లీకి తెలియుటకు ఎన్నాళ్లు పట్టెడిదో!

కాని వెంటనే మఱియొకటి జరిగినది. కృత్రిమమేధచే కల్పింపబడిన నెమళ్ల బొమ్మలు, దుప్పుల బొమ్మలు నిజదృశ్యములతో కలసి ప్రవహించెను. ప్రభుత్వము వానిని జూపి ప్రజలను మోసపుచ్చుచున్నారని వాదించినది. బొమ్మలను పంచినవారికి పోలీసులు నోటీసులు పంపిరి. ప్రభుత్వవాదములో నిజము లేకపోలేదు. అయినను దుప్పి బొమ్మ అబద్ధమైనంతమాత్రమున కూలిన చెట్టు లేచి నిలువదు గదా! జాలిగొని కల్పితచిత్రమును పంచినవారు తమకు తెలియకయే ఎదుటివాదమునకు ఆయుధ మందించిరి.

తుదకు నిజము తేలిన విధ మెట్టిది? ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రారును ఆ స్థలమునకు పోయి చూచి నాడే తెలుపుమని యాజ్ఞాపించెను. ఆయన పోయెను, చూచెను, సుమారు 100 యెకరములు నాశనమైనవని వ్రాసెను. చెట్లు కొట్టుట నిలిచెను. ఒక మనుష్యుడు నేలపై నిలిచి కన్నులార చూచుట! ఇది విలేఖరి వృత్తి కాదా? న్యాయస్థానము చెప్పువఱకు మన పత్రికలలో ఎన్ని ఆ పని చేసినవి, ఎన్ని ఫోనుల వెంట పరుగిడినవి?

తెలంగాణములో కవులే లేరను మాట యొకప్పుడు పుట్టినది. అదియు నొక కల్పితచిత్రమే. గోలకొండ పత్రికాసంపాదకులు సురవరం ప్రతాపరెడ్డిగారు దానికి కోపముతో బదులు చెప్పలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆ మాట మరల లేవలేదు.

ఇది పత్రికలతో తీరునది కాదు. కన్నదెల్ల నమ్ము పాఠకుడు బడిలోనే తయారగుచున్నాడు. మహమ్మారి కాలమున, 2020 సెప్టెంబరు 1వ తేదీనుండి, 3వ తరగతి మొదలు 10వ తరగతి వఱకు పాఠములు యాదగిరి దూరదర్శనములోను, టీశాట్‌లోను వచ్చెను. ఆపత్కాలమున అదియే మహోపకారము. కాని ఒక్క ఫోనును ముగ్గురు పిల్లలు పంచుకొను కూలివారి యిండ్లు ఈ మేడల నీడలోనే కలవు. అంతకంటె మించిన లోప మొకటి కలదు: ఆ పాఠములో పిల్లవాడు చేయి యెత్తి “తెలియలేదండీ” యనుటకు చోటు లేదు. అద్దము చెప్పును, బాలుడు వినును, అంతే.

దూరవిద్య యనగా ఇట్లే యుండవలయునని లేదు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో మన హైదరాబాదుననే పుట్టినది. పుస్తకములను ఇంటికి పంపుటతో తృప్తిపడక అధ్యయనకేంద్రములు నెలకొల్పి, గురువు నెదుట కూర్చుండి సందేహము తీర్చుకొను తరగతులు పెట్టినది. ఆ మర్మమును నేటి అంతర్జాల పాఠశాలల వర్తకులు గ్రహింపలేదు. వారికి పాఠము సరకు, ప్రశ్న ఖర్చు!

కావున పత్రికలు ప్రతి చిత్రము క్రింద అది ఎచ్చట, ఎన్నడు, ఎవరిచే తీయబడినదో వ్రాయవలయును. కల్పితచిత్రమును మొదటి పుటలో వేసినవారు సవరణమును గూడ మొదటి పుటలోనే, అంతే పెద్ద అక్షరములతో వేయవలయును. బడులలో వారమున కొక్క గంట పిల్లల యెదుట ఒక వార్తను, ఒక బొమ్మను పెట్టి, దీని నెట్లు పరీక్షింతువని తెలుగులో అడుగవలయును. విద్యాశాఖ వచ్చు సంవత్సరమే దీనిని ఆరంభింపవచ్చును. పోలీసు నోటీసులకు పట్టిన కాగితముకంటె ఎక్కువ కాగితము దీనికి పట్టదు.